కొబ్బరినీళ్ల మీద వేసిన నేరం

దుర్గేష్ అబద్ధమాడలేదు. 2011 దసరా మర్నాడు, నాచారంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో, అందరి ముందూ అతను అన్న మాటలను విడివిడిగా తీసి చూస్తే ప్రతిదీ నిజమే. కలిపి చూస్తేనే పచ్చి మోసం. చదువు మనకు నేర్పే విద్యల్లో ఇదొకటి. చదువుకోనివాడు అబద్ధమాడితే దొరికిపోతాడు. చదువుకున్నవాడు నిజాలనే ఏరి పేర్చుకుంటాడు.

అప్పటికి దుర్గేష్‌కు ముప్పై దాటాయి. ఆలేరు దగ్గర పుట్టాడు గానీ ఊరంటే అతనికి గుర్తున్నది తక్కువ. తండ్రి పరంధామయ్య నాచారం మిల్లులో పని దొరికి వచ్చాడు. మిల్లు మూతపడ్డాక చెంగిచెర్లలో రెండు గదులు వేసుకుని, ముందు గదిలో కిరాణా కొట్టు పెట్టాడు. కొడుకును ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో ఎంసీఏ చదివించాడు. కొడుకు మాదాపూర్ వైపు ఇంటర్వ్యూలకు కొంతకాలం తిరిగాడు. ఎక్కడా కుదరలేదు. చివరకు ల్యాబులో అటెండరుగా ఉన్న సాంబయ్య, ల్యాబు నడిపే డాక్టరుగారి దగ్గర ఒక మాట వేసి, ఈ ఉద్యోగంలో పెట్టించాడు. కొత్తగా కంప్యూటర్లు కొన్న ల్యాబుకు వాటిని చూసుకునే మనిషి కావలసి వచ్చాడు.

సాంబయ్య, పరంధామయ్య ఒకే మిల్లులో పనిచేసినవాళ్లు. సాంబయ్యది బాయిలర్ సెక్షన్. దుర్గేష్ చిన్నప్పటి నుంచీ అతన్ని మామా అనే పిలిచాడు, అతను అల్లుడా అన్నాడు. ఇక్కడ సాంబయ్యను దేవుణ్ణి చేయాలని చూడకండి. తొందరలో ఉన్న పేషంట్ల దగ్గర చాయ్‌కని పైసలు తీసుకుని రిపోర్టు ముందు ఇప్పించేవాడు. కుర్చీ కోసం టెక్నీషియన్ రాణితో వారానికోసారి తగువు పడేవాడు. ఆదివారం కల్లు దుకాణం తప్పేవాడు కాదు. కానీ ఒక పనిలో మాత్రం అతనితో ఎవరూ వాదించేవారు కాదు. ఆయుధ పూజ అతనిది.

మిల్లులో బాయిలర్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది అతనే. ల్యాబుకు వచ్చాక ఆ హక్కును వెంట తెచ్చుకున్నాడు. మహర్నవమి నాడు మధ్యాహ్నం పని ఆపేసి గదులన్నీ కడిగించి, మైక్రోస్కోపు, ఫ్రిజ్, జనరేటర్, రక్తాన్ని తిప్పే మిషన్, సర్వర్ డబ్బా, అన్నిటికీ వరసగా బొట్లు పెట్టేవాడు. అతని నియమం ఒకటే, నడుస్తున్న మిషన్‌కు బొట్టు పెట్టకూడదు. ముందు ఆపాలి. ఇందులో మహిమ ఏమీ లేదు. మిల్లులో ఎప్పుడో ఒకడు తిరిగే బెల్టు పక్కనున్న చక్రానికి కుంకుమ పెట్టబోయి చెయ్యి పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆపి పెట్టడం ఆచారమైంది. మన ఆచారాల్లో కొన్నిటి వెనక ఇంత మామూలు కారణమే ఉంటుంది. ఆ సంగతి చెబితే భక్తులకు నచ్చదు, ఆచారాలను వెక్కిరించేవాళ్లకు అంతకన్నా నచ్చదు.

ల్యాబు యజమాని డాక్టర్ సుబ్రహ్మణ్యం. కాకినాడ వైపు మనిషి, ఇక్కడికి వచ్చి స్థిరపడి చాలాకాలమైంది. పూజల మీద ఆయనకు పట్టింపు లేదు. అయినా హారతి వేళకు వచ్చి చేతులు జోడించేవాడు. అది స్టాఫ్ కోసమని ఆయన అనుకునేవాడు. స్టాఫేమో, పాపం సారుకు భక్తి ఎక్కువ అనుకునేవారు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఆ ఏడాది ల్యాబు పెరిగింది. ఉప్పల్‌లో, బోడుప్పల్‌లో, అన్నోజిగూడలో రక్తం తీసుకునే కేంద్రాలు తెరిచారు. నమూనాలన్నీ నాచారానికే వస్తాయి. టెక్నీషియన్లు పరీక్ష చేసి ఫలితాలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. కౌంటర్లలో ఉన్నవాళ్లు ఫలానావారి రిపోర్టు వచ్చిందా అని అదే సర్వర్‌ను పొద్దున్నుంచీ అడుగుతూనే ఉంటారు. పేషంట్లు గుంపుగా వచ్చే వేళకు తెరలన్నీ బిగుసుకుపోయేవి. అరుపులు మొదలయ్యేవి. కారణం చూడమని డాక్టరు దుర్గేష్‌కు చెప్పాడు.

కారణం కష్టమైనదేమీ కాదు. డేటాబేస్‌ను గోదాము అనుకుంటే, స్టోరేజ్ ఇంజిన్ అనేది ఆ గోదామును నడిపే పద్ధతి. ఈ ల్యాబులో ఉన్నది మైఐసామ్ అనే పాత పద్ధతి. ఒకరు లోపల సరుకు పెడుతున్నారంటే గోదాము మొత్తానికి తాళం పడుతుంది, మిగిలినవాళ్లు వాకిట్లో నిలబడాలి. ఇన్నోడీబీ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో ఎవరు ఏ బస్తా ముట్టుకుంటే ఆ ఒక్క బస్తాకే తాళం. దుర్గేష్ ఇంటర్నెట్‌లో చదివి, ఫలితాలుండే పట్టికను, అంటే టేబుల్‌ను, ఇన్నోడీబీకి మార్చమని సర్వర్‌కు ఆజ్ఞ ఇచ్చాడు. అయిందని జవాబు వచ్చింది. మర్నాడు తెరలు ఎప్పటిలాగే బిగుసుకున్నాయి.

నిజానికి ఏమీ మారలేదు. మొదట్లో సర్వర్‌ను పెట్టి వెళ్లినవాళ్లెవరో, మిషన్ చిన్నదని, అది ఎలా నడవాలో రాసి ఉండే కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఒక్క వరస చేర్చి ఇన్నోడీబీని మొత్తంగా నిలిపేశారు. లేని ఇంజిన్‌ను అడిగితే ఆ సర్వర్ లేదని చెప్పదు. ఆఫీసులో ముదురు గుమస్తా ‘అట్లాగే సార్’ అని తల ఊపి తన పాత పద్ధతిలోనే చేసుకుపోయినట్టు, అదీ పాత ఇంజిన్‌తోనే పని కానిచ్చి, ఒక మూల ‘ఒక హెచ్చరిక ఉంది’ అని మాత్రం చూపిస్తుంది. ఆ హెచ్చరికను తెరిచి చదవాలి. దుర్గేష్ చదవలేదు. ఇన్నోడీబీ దండగ అని తేల్చుకుని మూడో పద్ధతికి పోయాడు.

మూడోదాని పేరు మెమరీ. డిస్కు మీద ఏమీ రాయదు, అంతా నోటి లెక్కే. అందుకే వేగం. మిషన్ ఆగితే గోదాము గోడలు నిలుస్తాయి, అరలు నిలుస్తాయి, సరుకు మాత్రం ఉండదు. ఇది దుర్గేష్‌కు తెలుసు. తెలిసే పెట్టాడు. రిపోర్టు ప్రింట్ అయిన వెంటనే ఆ ఫలితం డిస్కు మీద వేరే టేబుల్‌లోకి పోయేలా ఏర్పాటు చేశాడు. ప్రింట్ కానివాటిని కూడా ఎప్పటికప్పుడు డిస్కు మీదికి ఎక్కించడానికి చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాయాలి. రేపు రాద్దామనుకున్నాడు.

ఈలోగా తెరలు పరుగెత్తాయి. కౌంటర్‌లో అరుపులు ఆగాయి. రాణి, మస్తు జేసిన్రు సార్ అంది. డాక్టరు మిఠాయి పెట్టె తెప్పించి అందరి ముందూ అతని చేతిలో పెట్టాడు. మెచ్చుకున్న పనిలో వెలితి ఉందని మళ్లీ ఎవరు తవ్వుకుంటారు? యూపీఎస్ ఉంది, జనరేటర్ ఉంది. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో కరెంటు కోతలు పెరిగినా ల్యాబు సర్వర్ ఒక్క క్షణం ఆగలేదు. ఆ ప్రోగ్రామ్ రేపటిలోనే ఉండిపోయింది.

మహర్నవమి వచ్చింది. గదులు కడిగే పని కదా, పరీక్షలైపోయిన రక్తం సీసాలన్నీ చెత్త బండికి ఎత్తించారు. ఫలితాలు కంప్యూటర్‌లో ఉన్నాయి, ప్రింట్లు పండుగ తర్వాత తీసుకోవచ్చు అనుకున్నారు. దుర్గేష్ వాకిట్లో తన బండి కడుక్కుంటున్నాడు. బంతిపూల దండ, నిమ్మకాయలు హ్యాండిల్‌కు వేలాడుతున్నాయి. సాంబయ్య పసుపు గిన్నెతో బయటికి వచ్చాడు.

“అల్లుడా, నీ డబ్బా బంద్ జెయ్యాల్నా? బొట్టు పెట్టాలె.”

“చెయ్యి మామా. నేర్పిన గదా.”

నేర్పిన మాట నిజమే. రేపటికి వదిలేసిన ప్రోగ్రామ్ మాత్రం ఆ క్షణాన గుర్తు రాలేదు. ఏ బటన్ నొక్కాలో, ఏ లైటు ఆరేదాకా ఆగాలో దుర్గేషే నేర్పాడు. సాంబయ్య లోపలికి వెళ్లి, బటన్ నొక్కి, లైటు ఆరేదాకా నిలబడి, పసుపు కుంకుమ పెట్టాడు. కొబ్బరికాయ బయట మెట్టు మీద కొట్టాడు. ఆ నీళ్లు మామిడాకుతో గడపల మీద చల్లాడు. సర్వర్ గది గడప మీద కూడా. గడప దాటి లోపల ఒక్క చుక్క పడలేదు. డాక్టరు చేతులు జోడించాడు. దుర్గేష్ బండి చక్రం కింద నిమ్మకాయ తొక్కించి ఇంటికి వెళ్లాడు.

దసరా నాడు ల్యాబు మూసి ఉంది. మర్నాడు దుర్గేష్ వచ్చేసరికి రాణి తన తెర ముందు నోరు తెరుచుకుని కూర్చుంది. పండుగ ముందు ఎక్కించి ప్రింట్ తీయని ఫలితాలు ఒక్కటీ లేవు. దుర్గేష్ తన గదిలోకి వెళ్లి టేబుల్ తెరిచాడు. గడులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. లోపల సున్నా. ఏం జరిగిందో, ఎవరివల్ల జరిగిందో అతనికి అప్పుడే తెలిసిపోయింది. వెతకాల్సిందేమీ మిగల్లేదు.

అయినా వెతికాడు. సర్వర్ డబ్బా పక్క పలక విప్పాడు. దుమ్ము ఊదాడు. వైర్లు పీకి మళ్లీ పెట్టాడు. లోపలికి ముక్కు పెట్టి వాసన చూశాడు. లాగ్ ఫైళ్లు తెరిచి పైకీ కిందికీ జరిపాడు. తలుపు దగ్గర జనం పెరుగుతున్న కొద్దీ అతని చేతులకు పని పెరిగింది. రోగం తెలిసిన డాక్టరు పేషంటు బంధువుల కోసం నాడి పట్టుకుని కూర్చున్నట్టు.

డాక్టర్ సుబ్రహ్మణ్యం వచ్చాడు. సర్వర్‌ను ఎవరు ఆపారని అడిగాడు. సాంబయ్య ముందుకొచ్చి తనే ఆపానన్నాడు. దుర్గేష్‌ను అడిగే ఆపానని కూడా అన్నాడు. డాక్టరు దుర్గేష్ వైపు తిరిగాడు.

“ఆఫ్ చేసినంత మాత్రాన డేటా పోదు కదయ్యా?”

“మామూలుగా పోదు సార్.”

ఇది నిజం. డబ్బా మీది కుంకుమ బొట్టు ఇంకా ఎర్రగానే ఉంది. అందరి కళ్లూ దాని మీదికి పోయాయి. రాణి మెల్లగా, కొబ్బరినీళ్లు ఏమన్నా లోపలికి పోయినయేమో అంది. ఆమెకు ఎవరి మీదా కోపం లేదు, కుర్చీ తగువు తప్ప. డాక్టరు, అలా జరిగే అవకాశం ఉందా అని దుర్గేష్‌ను అడిగాడు.

“అయ్యుండొచ్చు సార్.”

ప్రపంచంలో ఏదైనా అయ్యుండవచ్చు కనక ఇదీ నిజమే. సాంబయ్య అతని ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు. చదువుకున్న అల్లుడు చెప్పాడంటే అయ్యే ఉంటుందన్నట్టు చూశాడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు.

డాక్టరు కేకలు వేయలేదు. బయట సమ్మె నడుస్తోంది, ఆంధ్రా యజమాని తెలంగాణ పనివాణ్ణి తిట్టాడన్న మాట ఆ రోజుల్లో ఎవరికీ మంచిది కాదు. యంత్రాలకు ఇకమీదట పూజ లేదని మాత్రం చెప్పాడు. సాంబయ్యను లోపలి గదుల నుంచి గేటు దగ్గరికి మార్చాడు. ఇంత చిన్న శిక్షతో పోయిందని అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు.

శిక్ష అక్కడితో అయిపోలేదు. రక్తం మళ్లీ ఇమ్మని అందరికీ ఫోన్లు చేశారు. ఆర్టీసీ బస్సులు నడవడం లేదు. అన్నోజిగూడ నుంచి మల్లవ్వ అనే ముసలావిడ రెండు ఆటోలు మారి, మిగతా దూరం నడిచి వచ్చింది. అక్కడి కేంద్రం పండుగకని ఇంకా తెరవలేదు. ఆమె నరం దొరకడం కష్టం. రాణి ఒకసారి గుచ్చి, దొరకక, రెండో చేతికి మారింది. గేటు దగ్గర్నుంచి వచ్చిన సాంబయ్య ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకింత కష్టమని ఆమె ఏడుపు గొంతుతో అడిగితే, ఎవరూ చెప్పకముందే తానే చెప్పాడు.

“నాతోనే అయ్యింది అవ్వా. మిషన్ల నీళ్లు వోసిన.”

“నీ చేతులు పడిపోను,” అంది మల్లవ్వ.

దుర్గేష్ పక్క కౌంటర్‌లోనే ఉన్నాడు. తెర మీద చూడటానికి ఏమీ లేకపోయినా తెరనే చూశాడు.

ఇది మళ్లీ జరక్కుండా చూడమని డాక్టరు చెప్పాడు. అప్పుడు మొదటిసారి దుర్గేష్ కాన్ఫిగరేషన్ ఫైల్‌ను పైనుంచి కిందిదాకా చదివాడు. ఇన్నోడీబీని నిలిపేసిన వరస కనిపించింది. దాన్ని తీసేసి, సర్వర్‌ను తిరిగి నడిపించి, టేబుల్‌ను ఇన్నోడీబీకి మార్చాడు. ఈసారి హెచ్చరికలున్నాయేమో చూశాడు. లేవు. తెరలు మెమరీతో ఎంత వేగంగా నడిచాయో దాదాపు అంత వేగంగానే నడిచాయి, ఫలితాలు డిస్కు మీద భద్రంగా ఉన్నాయి. అంటే ఆ మెమరీ సాహసం అసలు అక్కర్లేనిదే. ఒక్క హెచ్చరిక చదివి ఉంటే సరిపోయేది. నీళ్లు పోయిన సర్వర్‌ను బాగుచేశాడని డాక్టరు మళ్లీ మెచ్చుకున్నాడు. ఈసారి మిఠాయి లేదు గానీ, ఉన్నా గొంతు దిగేది కాదు.

ఆ తర్వాతే సాంబయ్య అలవాటు బయటపడింది. అతను స్విచ్‌లు ముట్టడం మానేశాడు. గేటు దగ్గర ఫ్యాన్ వేయాలన్నా దారినపోయే ఎవరినో పిలిచి, బిడ్డా, జర గా ఫ్యాన్ వెయ్యి అనేవాడు. మంచినీళ్ల మిషన్ దగ్గర గ్లాసు పట్టుకుని ఎవరైనా నొక్కేదాకా ఆగేవాడు. మొదట నవ్వులాటగా ఉండేది. సాంబన్న మీటర్ ముడితే కరెంటు బిల్లు గూడ మాయమైతది అని డ్రైవర్లు ఏడిపించేవారు. అతనూ నవ్వేవాడు. స్విచ్ మాత్రం ముట్టేవాడు కాదు. కొన్నాళ్లకు నవ్వడం కూడా ఎవరికీ గుర్తులేకుండా అది అతని గుణమైపోయింది, కుంటివాడి నడకలా.

దుర్గేష్‌కు మాత్రం అలవాటు కాలేదు. గేటు దాటేటప్పుడల్లా ఫ్యాన్ ఆగి ఉంటే తానే వేసేవాడు. సాంబయ్య, సల్లగుండు అల్లుడా అనేవాడు. ఆ దీవెన తప్పించుకోవడానికి దుర్గేష్ వెనక గేటు నుంచి రావడం మొదలుపెట్టాడు. చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాడు. ముందు ఉద్యోగం పోతుందని భయం. భయం అరిగాక, ఇన్నాళ్లెందుకు చెప్పలేదన్న ప్రశ్నకు జవాబు లేదు. సిగ్గు నిలవ ఉన్నకొద్దీ పెరుగుతుందే తప్ప తరగదు. పశ్చాత్తాపం మనిషిని కడుగుతుందని చెప్పేవాళ్లు చెబుతారు. దుర్గేష్‌ను అది వెనక గేటు నుంచి నడిపించింది, అంతే.

మరుసటి ఏడు దసరా దగ్గరపడ్డాక ఒక ఆదివారం సాంబయ్య చెంగిచెర్ల వచ్చాడు. కొట్టు మూసి ఉంది. ఇంటికి కొత్తగా కాలింగ్ బెల్ పెట్టించారు. అతను దాని ఎదురుగా నిలబడి, పరంధామయ్యా, పరంధామయ్యా అని పిలుస్తూ ఉండిపోయాడు. లోపల టీవీ మోతలో ఎవరికీ వినపడలేదు. ఎంతసేపు నిలబడ్డాడో, పరంధామయ్య ఏదో పనిమీద తలుపు తీస్తే ఎండలో చెమటలు కక్కుతూ కనిపించాడు. అతను వెళ్లిపోయాక పరంధామయ్య కొడుకుతో అన్నాడు.

“మిల్లుల బాయిలర్ ముట్టినోడు బెల్లు ముడ్తలేడేందిరా?”

దుర్గేష్ ఆ మర్నాడే డాక్టరు గదిలోకి వెళ్లి, తప్పు నీళ్లది కాదు, తనదని చెప్పాడు. మెమరీ ఇంజిన్ సంగతి వివరించబోయాడు. డాక్టరు చెయ్యెత్తి ఆపాడు.

“ఇప్పుడెందుకయ్యా ఇదంతా? పేషంట్లందరికీ నీళ్లు పడ్డాయనే చెప్పాం. ఇప్పుడు బానే నడుస్తోందిగా. వదిలెయ్.”

తిడతాడనుకున్న మనిషి తిట్టలేదు. నీళ్ల కథ ల్యాబుకూ పనికొచ్చింది మరి. మావాడు చేసిన తప్పు అనడం కన్నా పూజ చేసిన పని అనడం ఏ వ్యాపారానికైనా సులువు. పూజ లేచొచ్చి సంజాయిషీ చెప్పదు.

తర్వాత దుర్గేష్ గేటు దగ్గరికి వెళ్లి సాంబయ్యకు చెప్పాడు. సాంబయ్య నమ్మలేదు. అంతా విని అతని చెయ్యి పట్టుకున్నాడు.

“నా కోసం నీ మీద ఏసుకుంటున్నవ్ అల్లుడా. మీ నాయిన లెక్కనే నీది మంచి దిల్.”

అంతటితో ఊరుకోలేదు. సాయంత్రానికల్లా డ్రైవర్లకు, రాణికి, చాయ్ దుకాణంవాడికి చెప్పేశాడు. ముసలాడు బాధపడుతున్నాడని దుర్గేష్ సారు నేరం తన మీద వేసుకున్నాడట. రాణి మర్నాడు అతన్ని చూసిన చూపులో గౌరవం ఉంది. దుర్గేష్‌కు ఆ చూపు ముందు నిలవడం కన్నా చెంపదెబ్బ తినడం నయమనిపించింది.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ల్యాబులో జనం లేనప్పుడు సాంబయ్యను బతిమాలి సర్వర్ గదిలోకి తీసుకెళ్లాడు. పక్కన పాత కంప్యూటర్ ఒకటి ఉంది. అందులో రెండు టేబుళ్లు తయారుచేశాడు, ఒకటి మెమరీలో, ఒకటి డిస్కు మీద. రెండిట్లోనూ ఒకే పేరు రాశాడు, సాంబయ్య అని. తెర మీద రెండూ చూపించి, ఇప్పుడు నువ్వే బంద్ చెయ్యి అన్నాడు.

సాంబయ్య వెనక్కి జరిగాడు. తన చేతులతో వద్దన్నాడు. దుర్గేష్ చాలాసేపు చెప్పి చూశాడు. చివరకు సాంబయ్య భుజం మీది తువ్వాలను వేలికి చుట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని బటన్ నొక్కాడు. లైటు ఆరేదాకా ఆగాడు. ఆ పాత పాఠం మరిచిపోలేదు. మళ్లీ నొక్కమంటే నొక్కాడు. తెర వెలిగింది. డిస్కు మీది టేబుల్‌లో అతని పేరుంది. మెమరీ టేబుల్ తెరిస్తే గడులున్నాయి, పేరు లేదు.

సాంబయ్య వంగి చూశాడు. ఒక్క చుక్క నీళ్లు లేవు. పసుపు లేదు, బొట్టు లేదు.

“మల్ల జెయ్యి.”

మళ్లీ చేశారు. ఈసారి తువ్వాల భుజం మీదే ఉంది, సాంబయ్య వట్టి వేలితో నొక్కాడు. మళ్లీ అదే జరిగింది. అతను స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కటే అడిగాడు.

“నువ్వు బండి కడుగుతున్నవ్. నేను వచ్చి అడిగిన.”

“అడిగినవ్ మామా.”

“ఎప్పుడు ఎరుకయ్యింది నీకు?”

“తెరిచి సూడంగనే.”

“మరి గా పలక ఎందుకు ఇప్పినవ్?”

అన్నిటికీ జవాబు సిద్ధం చేసుకుని వచ్చిన దుర్గేష్ దీనికి మాత్రం సిద్ధం కాలేదు. తప్పు చేయడం వేరు, భయపడి నోరు మూసుకోవడం వేరు. వీటికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. తెలిసి తెలిసి పలక విప్పి, దుమ్ము ఊది, వాసన చూసినదానికి ఏ సాకూ లేదు. అతను తల వంచుకున్నాడు. సాంబయ్య లేచాడు. మంచి దిల్ అన్న మాట మళ్లీ అనలేదు.

“గా రోజు యాడ నిలవడి అన్నవో, గాడనే నిలవడి జెప్పు. అందరి ముంగట.”

మహర్నవమి నాడు గదులు కడిగారు. పూజ లేదని డాక్టరు అన్న మాట అలాగే ఉంది. అయినా సాంబయ్య కొబ్బరికాయ, పసుపు గిన్నె తెచ్చి సర్వర్ గది గడప దగ్గర పెట్టాడు. అది చూసి ఆపడానికి డాక్టరు వచ్చాడు, ఏం జరుగుతుందోనని మిగిలినవాళ్లు వచ్చారు. దుర్గేష్ డబ్బా పక్కన నిలబడి చెప్పాడు. ఇంజిన్ల పేర్ల జోలికి పోలేదు. ఆపితే పోయే చోట తానే ఫలితాలు పెట్టానని, ఆపమని తానే చెప్పానని, నీళ్లు పడలేదని ఆ రోజే తనకు తెలుసని చెప్పాడు. పలక విప్పింది ఉత్త నాటకమన్న మాట మాత్రం ఒక్కసారిగా రాలేదు. మొదలుపెట్టి, ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. పోనిద్దురూ, ఎప్పటి సంగతో అన్నారెవరో. దెబ్బ తగలనివాళ్లకు క్షమించడం ఎప్పుడూ సులువే. రాణి మాత్రం క్షమించలేదు.

“గుచ్చింది నేను సార్. రెండు చేతులకు. అప్పుడెందుకు చెప్పలే?”

సాంబయ్య ఎవరి అనుమతీ అడక్కుండా గడప దాటి, సర్వర్ బటన్ నొక్కి, లైటు ఆరేదాకా నిలబడి, డబ్బాకు బొట్టు పెట్టాడు. డాక్టరు ఒక్క నిమిషం చూసి చేతులు జోడించాడు.

దసరా మధ్యాహ్నం దుర్గేష్ జమ్మి ఆకు పట్టుకుని సాంబయ్య ఇంటికి వెళ్లాడు. చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. అలాయ్ బలాయ్ అంటూ కౌగలించుకోవడానికి చేతులు చాస్తాడేమోనని చూశాడు. సాంబయ్య ఆకు తీసుకున్నాడు. చేతులు చాచలేదు.

“అన్నోజిగూడ పోయినవా? అవ్వ ఇంకా నన్నే తిట్టుకుంటున్నదేమో.”

“రేపు పోత మామా.”

సాంబయ్య ఆ రేపును ఒక్క క్షణం విన్నాడు. లేచి చొక్కా తొడుక్కున్నాడు. వాకిట్లోకి రాబోయి వెనక్కి వెళ్లి ఫ్యాన్ స్విచ్ తానే కట్టేశాడు.

“బండి తియ్యి.”

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో కోసం తవ్విన గుంతల పక్క నుంచి బండి మెల్లగా వరంగల్ రోడ్డెక్కింది. హ్యాండిల్‌కు నిన్నటి బంతిపూల దండ వాడిపోయి ఊగుతోంది. మల్లవ్వ తలుపు తీశాక అనాల్సిన మొదటి మాట కోసం దుర్గేష్ వెతుక్కుంటున్నాడు. ఏది అనుకున్నా అందులో ఎక్కడో ఒక ‘అయ్యుండొచ్చు’ దూరి కూర్చుంటోంది. దాన్ని తీసేసి మళ్లీ మొదలుపెడుతున్నాడు.